పొందూరు రాట్నం, నెల్లిమర్ల మిల్లు: ఉత్తరాంధ్ర వస్త్ర చరిత్రలో శ్రామికుల మాట

పరిశ్రమల చరిత్రను భద్రపరిచే ప్రయత్నాల్లో అమెరికాలోని లోవెల్ పట్టణం తరచుగా ప్రస్తావనకు వస్తుంది. తొలినాటి నూలు మిల్లులతో పెరిగిన ఆ పట్టణాన్ని 1978లో జాతీయ చారిత్రక ఉద్యానంగా ప్రకటించారు. అక్కడి బూట్ మిల్లులో పాత మరమగ్గాలు సందర్శకుల కోసం నేటికీ ఆడుతున్నాయి. ఆ ఉద్యానానికి యంత్రాలతో పాటు మరొక ఆధారం కూడా ఉంది. మిల్లులో పనిచేసిన యువతులు 1840 నుంచి 1845 వరకు ‘లోవెల్ ఆఫరింగ్’ అనే పత్రికను తమ రచనలతో నడిపారు. అందువల్ల అక్కడ మగ్గం చప్పుడుతో పాటు దాన్ని నడిపిన స్త్రీల మాట కూడా మిగిలింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు వస్త్ర చరిత్రలో అటువంటి మాట ఎక్కడ దొరుకుతుందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

కంపెనీ కాలపు ‘చికాకోలు’ నేటి శ్రీకాకుళమే. సన్నని మస్లిన్ వస్త్రాలకు అది పేరుపొందింది. విశాఖపట్నంలో ఇంగ్లీషువారు, భీమునిపట్నంలో డచ్చివారు స్థావరాలు ఏర్పరచుకోవడానికి ఈ తీరపు నేతబట్టల వ్యాపారం ఒక ముఖ్య కారణం. పందొమ్మిదో శతాబ్దిలో లాంకషైరు మిల్లుబట్ట దిగుమతి కావడంతో ఆ వ్యాపారం క్షీణించింది. ఇక్కడి నేతను దెబ్బతీసిన మిల్లు ఇక్కడిది కాదు. న్యూ ఇంగ్లాండులో ఇంటి రాట్నాన్ని పక్కకు నెట్టిన మిల్లు ఆ నేలమీదే వెలిసింది. ఉత్తరాంధ్రకు మాత్రం మిల్లు మొదట సరుకు రూపంలోనే తెలిసింది.

తరువాత ఈ నేలమీద వెలిసిన పెద్ద మిల్లులు పత్తివి కావు, నారవి. నెల్లిమర్లలోనూ, విజయనగరానికి పొరుగున భీమునిపట్నం దాపునున్న చిట్టివలసలోనూ జనపనార మిల్లులు నడిచాయి. ఈ ప్రాంతపు గోగునార అంతర్జాతీయ విపణిలో ‘బిమ్లీ జనుము’గా ప్రసిద్ధి పొందింది. బిమ్లీపట్నం అన్నది భీమునిపట్నానికి ఆంగ్లేయుల వాడుక. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. నెల్లిమర్ల కార్మికులు పలుమార్లు లాకౌట్లను చవిచూశారు.

మిల్లుల గతి ఇలా ఉండగా, మిల్లుబట్టతో అంతరించవలసిన రాట్నం పొందూరులో ఇంకా తిరుగుతోంది. జాతీయోద్యమ కాలంలో గాంధీజీ మెప్పు పొందిన ఈ ఖద్దరుకు పనితనమే ప్రాణం. కొండపత్తిని మొదట వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నని పళ్ల వరుస పత్తిలోని చెత్తను తీసి, పోగులను ఒక వరుసకు తెస్తుంది. తరువాత గింజ తీస్తారు, దూదిని ఏకుతారు, ఏకులు చుడతారు. ఏకులు మెత్తదనం కోల్పోకుండా ఎండిన అరటిపట్టలో ఉంచి వడుకుతారు. ఇలా వడికే నూలు వంద కౌంటు వరకు సాగుతుంది. ఇంగ్లీషు గణన ప్రకారం వంద కౌంటంటే ఒక పౌను నూలు పొడవు 84,000 గజాలు, అంటే 76 కిలోమీటర్లకు పైమాటే. వడికేవారిలో అత్యధికులు స్త్రీలు.

ఈ స్త్రీలు పత్రిక నడపలేదు. వారి జ్ఞానం చేతివేళ్లలోనూ, పనిమాటల్లోనూ నిలిచింది. ఏకు, కదురు, కండె, పడుగు, పేక వంటి మాటలు కేవలం వస్తువుల పేర్లు కావు. ఒక్కొక్క మాట వెనుక ఒక పని క్రమం, ఒక కొలత, ఒక జాగ్రత్త ఉన్నాయి. ఈ దృష్టితో చూస్తే భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశాలు చరిత్ర ఆధారాలు కూడా అవుతాయి. 1962లో వ్యవసాయ పదకోశం, 1971లో చేనేత పదకోశం వచ్చాయి. లోవెల్‌కు శ్రామిక స్త్రీల పత్రిక ఎటువంటి ఆధారమో, మన చేనేత చరిత్రకు వృత్తిపదం అటువంటి ఆధారం. అయితే ఒక తేడా ఉంది. పత్రిక ప్రతి బీరువాలో నిలుస్తుంది, పలికే మనిషి లేనినాడు పనిమాట నిలవదు.

కాబట్టి ఉత్తరాంధ్రలో వస్త్ర పరిశ్రమకు చారిత్రక ప్రదర్శనశాల అంటూ ఏర్పడితే, దానిలో మిల్లు యంత్రాన్నో రాట్నాన్నో అద్దాల వెనుక ఉంచడం చాలదు. వడికే స్త్రీ తన పనిని తన మాటల్లో వివరిస్తుండగా చేసిన ధ్వనిముద్రణలూ, నారమిల్లు కార్మికుల పనిమాటలూ, కొండపత్తి సాగుచేసే రైతుల మాటలూ అందులో పక్కపక్కనే ఉండాలి. ఈ సేకరణ తెలుగు శాఖల పరిశోధకులు చేపట్టవలసిన పని. యంత్రం తుప్పుపట్టినా దాన్ని మళ్లీ తోమి నిలబెట్టవచ్చు. వాలుగ దవడతో పత్తి దువ్వడం తెలిసిన చివరి మనిషి వెళ్లిపోతే, ఆ ఎముక ఎందుకో చెప్పేవారు ఉండరు. రాట్నం తిరుగుతుండగానే ఆ మాటలను నమోదు చేయడం అందుకే అవసరం.