మన గ్రంథాలయమందలి ఊహల చిట్టా

రజతోత్సవ సంచికకు చారిత్రకమైన వ్యాసమొకటి వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను గ్రామ లెక్కలు వ్రాయువాడను గాని పండితుడను కాను. ప్రబంధములను ఏ గురువు పాదముల కడను చదువలేదు; ఈ గ్రంథాలయపు బీరువా నుండి ఒక్కొక్కటిగా తీసికొనిపోయి, కొఱుకుడుపడని పద్యమునకు నిఘంటువు వెదకికొనుచు చదివితిని. అట్టివానికి శాసనములను గూర్చి వ్రాయు సాహసము తగదు. కావున నా చేతిలో పుట్టి పెరిగిన ఒక పుస్తకపు చరిత్రను మాత్రము విన్నవింతును.

పఠనమందిరమున దినపత్రికల బల్ల సొరుగులో ఒక నోటుబుక్కు కలదు. దాని యట్టపై ‘ఊహల చిట్టా’ యని నేనే వ్రాసితిని. చలనచిత్ర బహుమతులు ఎవరికి రాగలవో మన చందాదారులు ముందుగా వ్రాసి, ఫలితములు వెలువడిన పిదప సరిచూచుకొనిన లెక్క అందున్నది. గ్రంథాలయములో సినిమా గొడవ యేలయని కొందఱు పెద్దలు ఆక్షేపించిరి. ఆ వార్త వచ్చిన దినమున ఆ బల్ల చుట్టు చేరినంతమంది, ఎన్నికల ఫలితముల నాడు తప్ప, మఱెన్నడును చేరలేదని మాత్రము వారికి మనవి చేయుచున్నాను.

ఈ చిట్టా పుట్టుటకు కారణము ఒక జగడము. 2022 సెప్టెంబరులో మనదేశము తరఫున ఆస్కారు పోటీకి ఏ చిత్రమును పంపుదురోయని చర్చ వచ్చినప్పుడు, జగిత్యాలకును కోరుట్లకును పోయి ఆర్.ఆర్.ఆర్. చిత్రమును రెండుమూడు మారులు చూచివచ్చిన యువకులందఱును అదియే పోవునని బల్ల గ్రుద్ది చెప్పిరి. పంపినది ‘ఛెల్లో షో’ అను గుజరాతీ చిత్రమును. అందఱును మొగములు ముడుచుకొనిరి. అయితే దేశము పంపు చిత్రమునకున్న ద్వారము వేఱు, చిత్రమువారు తమంతట తాము దరఖాస్తు పెట్టుకొను ద్వారము వేఱు. రెండవ ద్వారమున పోయిన ‘నాటు నాటు’ పాటకు 2023 మార్చిలో ఆస్కారు బహుమతి వచ్చెను. కీరవాణి స్వరమునకు, వరంగల్లు ప్రాంతపు కవి చంద్రబోసు రచనకు లభించిన గౌరవమది. మఱునాడు పఠనమందిరమున ఎవరిని కదలించినను ‘నేనప్పుడే చెప్పితిని’ అనువారే! చెప్పినవాడెవడో చెప్పనివాడెవడో తేల్చుటకు కాగితము లేదు. లెక్కలు వ్రాయువానికి ఇంతకంటె బాధ మఱియొకటి యుండదు. ఆ సాయంకాలమే కోరుట్ల నుండి నోటుబుక్కు తెప్పించి తేది, పేరు, ఊహ, హేతువు, ఫలితము అని అయిదు గళ్ళు గీచితిని. హేతువను గడి పెట్టవలెననునది నా పట్టుదల.

ఊహలు తప్పుట మనతో మొదలైనది కాదు. కేంద్రప్రభుత్వమువారి చలనచిత్ర పురస్కారములు 1954లో ఆరంభమైనవి. 1954 నాటి చిత్రములలో కె.వి. రెడ్డి తీసిన ‘పెద్దమనుషులు’ తెలుగునకు రాష్ట్రపతి రజతపతకమును తెచ్చెను. ఆ దర్శకుడే 1957లో ‘మాయాబజారు’ తీసెను. ఆ చిట్టా ఆనాడే యున్నచో ఆ యేటి పుటలో తెలుగువారందఱును ఏమి వ్రాసియుందురో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ సంవత్సరమున గౌరవము పొందినవి ‘భాగ్యరేఖ’, ‘తోడికోడళ్ళు’. ‘మాయాబజారు’నకు ఏమియు రాలేదు. ఏబదియాఱు సంవత్సరములు గడచిన పిమ్మట, 2013లో ఒక ఆంగ్ల వార్తాప్రసార సంస్థ భారతీయ చిత్రములపై ప్రజాభిప్రాయమును సేకరింపగా, ప్రథమస్థానమున నిలిచినది ‘మాయాబజారే’.

ఊహించువారు తఱచుగా పొరపడునది సంవత్సరము విషయమున. ‘శంకరాభరణము’ 1980 ఫిబ్రవరిలో విడుదలైనను, దానికి వచ్చినవి 1979 సంవత్సరపు పురస్కారములు. సెన్సారువారి పత్రము ఏ తేదీన పుట్టినదో ఆ తేదియే వారికి ప్రమాణము. ఫసలీ సంవత్సరమునకును ఇంగ్లీషు సంవత్సరమునకును మొదలు వేఱని తెలిసిన మన రైతులకు ఇది నిమిషములో బోధపడినది గాని, చదువుకొన్న యువకులకు బోధపఱచుటకు నాకొక వారము పట్టెను. ఆ యేట ‘శంకరాభరణము’ నాలుగు పురస్కారములు గొన్నది: ప్రజాదరణ పొందిన చిత్రముగా ఒకటి, మహాదేవన్ సంగీతమునకు ఒకటి, బాలసుబ్రహ్మణ్యము, వాణీ జయరాముల గానమునకు చెఱియొకటి. తెలుగున ఉత్తమ చిత్రమను పురస్కారము మాత్రము ‘నగ్నసత్యము’నకు పోయెను. ప్రజలు మెచ్చిన చిత్రమునకొక పీట, భాషకు ఉత్తమమైన చిత్రమునకొక పీట వేఱువేఱుగా వేయుదురను సంగతి దీనివలన తెలియవలెను. తెలిసినను మనము మఱచుచునే యుందుము.

మన ప్రాంతపువారి లెక్క చూతము. కరీంనగరమున పుట్టిన పైడి జైరాజు హిందీ చిత్రములలో నాయకుడై, 1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును పొందెను. హనుమాజీపేటలో 1931లో జన్మించి సిరిసిల్లలో చదువుకొన్న సి. నారాయణరెడ్డి, ‘విశ్వంభర’కు 1988 సంవత్సరపు జ్ఞానపీఠమందిన మహాకవి. 1962లో ‘గులేబకావళి కథ’తో మొదలిడి వేలకొలది చిత్రగీతములు వ్రాసెను. ఉత్తమ గీతరచయితగా జాతీయ పురస్కారము ఆయనకు తప్పక వచ్చియుండునని మనవారిలో పదుగురిని అడిగిన పదుగురును అందురు. రాలేదు. ఆ పురస్కారము శ్రీశ్రీకి ‘అల్లూరి సీతారామరాజు’ వలనను, వేటూరికి ‘మాతృదేవోభవ’ వలనను, సుద్దాల అశోక్ తేజకు ‘ఠాగూరు’ వలనను వచ్చినది. ఇఁక ఎవరును ఊహింపని చోట మనకు గౌరవము వచ్చిన సందర్భము వేఱొకటి కలదు. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ చిత్రమున అర్చనకు ఉత్తమ నటి పురస్కారము రాగా, కళాదర్శకత్వమునకు గౌరవమందినవాడు పూర్వపు కరీంనగరము జిల్లా బూరుగుపల్లెలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠము. గోడల రంగును, గడీ లోపలి చీకటిని తూచి బహుమతి యిత్తురని మనలో ఎవరు తలంతురు?

లెక్కలవాడను గనుక ఇచట ఒక మాట కలుపుకొనుటకు చదువరులు అనుమతింపవలెను. అమెరికాలో ఆస్కారు ఫలితములను పూర్వము పత్రికలవారికి ముందుగానే తెలిపి, రాత్రి వఱకు ప్రకటింపవలదని మాట తీసికొనెడివారు. 1940లో లాస్ ఏంజెలెస్ పత్రిక యొకటి సాయంకాలపు సంచికలోనే అచ్చువేసెను. అతిథులు ఫలితములు చదువుకొనుచునే సభకు వచ్చిరి. మఱుసటి యేటి నుండి ముద్రవేసిన కవరు వచ్చినది. ఓట్లు లెక్కించు పని 1935 నుండియు ఒక లెక్కల సంస్థవారిదే. ఎనుబది యేండ్లకు పైగా నడచిన ఆ లెక్కలో 2017లో వేదికపై ఒక కవరుకు బదులు మఱొక కవరు చేతికిచ్చి, ఒక చిత్రమునకు రావలసిన బహుమతిని మఱొకదానికి ప్రకటింపజేసిరి. ఆ వార్త చదివిన నాడు నాకు నవ్వు రాలేదు. అట్టి చేతిపొరపాటు ఎంత సులభమో నాకు తెలియును.

మన చిట్టాకు వత్తము. మొదటి పుట 2023 ఆగస్టుది. అధికులు ఆర్.ఆర్.ఆర్. తెలుగున ఉత్తమ చిత్రమగునని వ్రాసిరి. వచ్చినది ‘ఉప్పెన’కు, ఆర్.ఆర్.ఆర్.కు ప్రజాదరణ పీటతో గూడ ఆఱు పురస్కారములు. చంద్రబోసునకు ‘నాటు నాటు’ వలన జాతీయ పురస్కారము వచ్చునని నలుగురు వ్రాసిరి. పురస్కారము ఆయనకే వచ్చినది గాని, ‘కొండపొలము’ చిత్రమందలి పాటకు! వ్యక్తి సరి, పాట తప్పు. దీనికి సగము మార్కు ఇయ్యవలెనా యని రెండు దినములు వాదము జరిగెను. ఇయ్యలేదు. అల్లు అర్జునునకు ఉత్తమ నటుడని వ్రాసినవాడు పదవతరగతి పిల్లవాడొక్కడే. తెలుగు నటులలో ఆ పురస్కారము పొందిన మొదటివాడతడే గనుక ఆ ఊహ ఘనమైనదే; హేతువను గడిలో మాత్రము ‘మా హీరో’ యని యున్నది. మార్కు ఇచ్చితిని. మనసొప్పి కాదు.

2024 పుట చిన్నది. ‘సీతారామము’నకు వచ్చునని వ్రాసిరి, ‘కార్తికేయ 2’నకు వచ్చెను.

ఇఁక 2025. సిరిసిల్లవాసి యెల్దండి వేణు మొదటిసారి దర్శకత్వము వహించి తీసిన ‘బలగము’ 2023 మార్చిలో వచ్చినది. కొమురయ్య యను తాత చనిపోవుట, పిట్టకు పెట్టిన కూడు పిట్ట ముట్టకపోవుట, విడిపోయిన కుటుంబము ఆ మెతుకుల చుట్టు మరల చేరుట కథ. సిరిసిల్ల పల్లెలలో తీసిరి. ఎన్నో యూళ్ళలో తెర కట్టి, ఊరంతయు చాపలు పఱచుకొని చూచి, పస్తము మొగిలయ్య దంపతులు పాడిన చివరి కథకు గట్టిగా ఏడ్చిరి. చిరకాలము తెరపై నవ్వు పుట్టించుటకే వాడిన మన మాట, ఈ చిత్రములో దుఃఖమును మోసెను. 2025 మే నెలలో తెలంగాణ ప్రభుత్వమువారు గద్దరు పేర పురస్కారములు ప్రకటించి, 2023 సంవత్సరమునకు ‘బలగము’నకు మొదటి స్థానమును, ‘భగవంత్ కేసరి’కి మూడవ స్థానమును ఇచ్చిరి. ఇఁక మన చిట్టాలో సందేహమునకు చోటేది? రాష్ట్రము ఇచ్చినది కేంద్రము ఇయ్యదా యని అందఱును ‘బలగము’ వ్రాసిరి. వారిచే వ్రాయించినవాడను నేనే. నా హేతువు గడిలో, భవభూతి పక్షము వహించి, కరుణరసము కంటె మించినది లేదని నాలుగు పంక్తులు నింపితిని.

ఆగస్టు 1వ తేదిని ఫలితములు వెలువడెను. తెలుగున ఉత్తమ చిత్రము ‘భగవంత్ కేసరి’. ‘బలగము’నకు వచ్చినది ఒక్కటి: ‘ఊరు పల్లెటూరు’ పాట వ్రాసిన కాసర్ల శ్యామునకు ఉత్తమ గీతరచయిత పురస్కారము. ఆ సాయంకాలము ఎవరో చిట్టాలో ఎఱ్ఱసిరాతో ‘అన్యాయము’ అని వ్రాసిరి. బహుమతులు అమ్ముడుపోయినవని కొందఱనిరి. నేనొప్పుకొనలేదు. మన ఊహ తప్పినంత మాత్రమున న్యాయనిర్ణేతలు దొంగలు కారు. ‘భగవంత్ కేసరి’ నేనును చూచితిని. ఆడపిల్లకు ధైర్యము నేర్పవలెనను దాని తలంపు మంచిదే. అయినను ‘బలగమే’ గొప్పదని నా మతము. అది ఇప్పటికిని మారలేదు.

నేను చెప్పవలసినది అసలు దీని తరువాతిది. జూలై నెలలో ఒకనాడు బీడీల గంప నెత్తిన పెట్టుకొని ఖార్ఖానాకు పోవుచు, కూతురు తెచ్చుకొనిన పుస్తకము తిరిగి ఇచ్చుటకు ఒక ఇల్లాలు వచ్చినది. బల్లపై నున్న చిట్టాను కూతురు చదివి వినిపింపగా విని, “సినిమాకు రాదు సారూ, పాటకొస్తది” అన్నది. ఎందుకని అడిగితిని. “పిట్టకు పెట్టుడు మనకెరుక. ఢిల్లీల కూసున్నోళ్లకు ఏమెరుక? ఊరు యాదికొచ్చుడు ఎవలికైనా ఒక్కటే గదా” అన్నది. నేను వ్రాసిన నాలుగు పంక్తులలో లేని హేతువు ఆమె రెండు మాటలలో నున్నది. వ్రాసికొమ్మని కూతురు నా చేతికి కలమందించెను. “నీకు కార్డు లేదు గద చెల్లె, చందాదార్లయే రాస్తం” అని చిట్టా మూసితిని. ఆమె నవ్వి గంప నెత్తికెత్తుకొని పోయెను.

ఆ యేటి పుటలో సరియైన ఊహ ఒక్కటియు లేదు. పంట పండినను పహాణీలో ఎక్కనిచో అది పండనట్లేయని యెందఱికో చెప్పి పంపినవాడను నేను. ఆగస్టు 2వ తేదిని ఆమె యింటికి పోయి చెప్పితిని. “పోనీ సారూ, పాటకొచ్చింది గదా” అని తునికాకు కత్తిరించుచునే యన్నది. జూలై తేది వేసి ఆమె పేరు ఎక్కింపుమని కార్యవర్గములో ఇద్దఱు సలహా ఇచ్చిరి. వెనుకటి తేది వేయుటకు నా చేయి రాదు. కనుక ఆమె ఊహను, హేతువును, నేను కలము మూసిన సంగతిని ఈ సంచిక తేదితోనే ఇచట నమోదు చేయుచున్నాను. ఆనాడు బల్లయొద్ద నున్న ఇద్దఱు చందాదారులు దీనిని చదివి, సరియని చిట్టాలో సంతకములు చేసియున్నారు.