టెలిఫోను తీగెయు, మోడెమును

ఇంటి కంప్యూటరును ఇంటర్నెట్టుతో జతపఱచిన మోడెమును గూర్చి చెప్పుమన్నచో పలువురు దాని వేగమునే లెక్కింతురు. నాకు మాత్రము ఆ చరిత్రలో మఱియొక ప్రశ్న ముఖ్యముగా దోచుచున్నది: ఇంటిలోనికి వచ్చిన టెలిఫోను తీగెపై అధికార మెవరిది?

ఆ తీగె మనుష్యుని మాటకై యేర్పడినది. సుమారు 300 మొదలు 3400 హెర్ట్జుల వఱకు గల ధ్వనులే దానిపై చక్కగా సాగును. కంప్యూటరుకు తెలిసినవి ఒకటియు, సున్నయు మాత్రమే. మోడెము వానిని స్వరములుగా మార్చి పంపును. ఆవలి మోడెము ఆ స్వరములను మరల అంకెలుగా మార్చును. అమెరికాలో ఏ.టి. అండ్ టి. కంపెనీ 1962లో వెలువరించిన బెల్ 103 మోడెములో పిలుచువాని స్వరములు 1070, 1270 హెర్ట్జులు. బదులిచ్చువానివి 2025, 2225. కావున నిరువురును ఏకకాలమున పలుకవచ్చును. వేగము సెకనుకు 300 బిట్లు, అనగా ఇంచుమించు ముప్పది యక్షరములు.

అయితే అచట తీగెయే కాదు, దాని చివరనున్న టెలిఫోనును కంపెనీ సొత్తే. పరుల యంత్రమును దానికి తగిలించుట నిషిద్ధము. 1964లో రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అను భౌతికశాస్త్రజ్ఞుడు దీనికి ఉపాయము కనిపెట్టెను. ఆయన చెవిటివాడు. తనవంటివారు టెలిప్రింటరు ద్వారా దూరమున నున్నవారితో ముచ్చటించుకొనవలెనని ఆయన కోరిక. టెలిఫోను చేతిగొట్టమును ఒక యంత్రముపై నుంచిన చాలును. తీగెను ముట్టకయే స్వరములు గొట్టములోనికి పోవును. వినలేనివాడు ధ్వనినే వాహనముగా జేసికొనుట నాకెప్పుడును వింతయే. ఈ పద్ధతినే కంప్యూటరులవారును అవలంబించిరి. కాని గదిలో చప్పుడైనచో అక్షరములు తాఱుమాఱగుచుండెను.

ఇంతలో టెక్సాసువాడైన టామస్ కార్టర్, రేడియోను టెలిఫోనుతో కలుపు తన సాధనమునకై కంపెనీతో వ్యాజ్యమాడెను. తీగెలకు హాని చేయని యంత్రమును ఎవరైనను తగిలింపవచ్చునని 1968లో ప్రభుత్వ సంఘము తీర్పుచెప్పెను. కంపెనీ తన రక్షణ పరికరము నడుమ నుండవలెనని మఱికొన్నియేండ్లు పట్టుపట్టినది గాని నిలువలేదు. 1981లో హేస్ స్మార్ట్‌మోడెము నేరుగా తీగెకు తగులుకొని, కంప్యూటరు ఆజ్ఞపై తానే నంబరు త్రిప్పెను. 1998 నాటి ప్రమాణముతో దిగుమతి వేగము 56,000 బిట్లకు చేరెను.

మన దేశమున విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టును ప్రజలకు తెఱచెను. ఇంటి మోడెము సంస్థవారి నంబరును పిలుచుచుండెను. అచటి మోడెము బదులిచ్చుచుండెను. కీచుమను ధ్వనులతో రెండును వేగమును నిర్ణయించుకొనుచుండెను. తీగె తగవు అప్పు డొక్క యింటివారి నడుమనే పుట్టెను. కుమారుడు ఇంటర్నెట్టులో నున్నంతసేపు, ఆ యింటికి ఫోను చేసిన బంధువులకు లైను ఖాళీలేదనియే తెలియుచుండెను.