మేకలకందని మందారం

హవాయి దీవుల్లో కవాయి ఒకటి. దాని వాయవ్య తీరాన్ని నాపాలి అంటారు. స్థానిక భాషలో ఆ మాటకర్థం నిట్టనిలువు కొండలనే. అక్కడి కలలావు లోయలో 1991లో కెన్ వుడ్, ఆయన సహచరులు ఒక కొండగోడ మీద అంతవరకూ శాస్త్రానికెక్కని చెట్టొకటి చూశారు. పసుపుగా పూసి, వాడేకొద్దీ ఊదారంగుకు తిరిగే పువ్వులు. రేకులు మన మందారంలా విచ్చుకోవు, గొట్టంలా ముడుచుకునే ఉంటాయి.

ఈ ప్రజాతికి 1911లో జోసెఫ్ రాక్ 'హిబిస్కాడెల్ఫస్' అని పేరు పెట్టాడు. మందారానికి తోబుట్టువని భావం. (మనవాళ్ళయితే 'తమ్ముడి మందారం' అనేవారేమో!) కొత్త జాతికి 1995లో వుడ్ పేరే పెట్టారు.

తెలిసిన చెట్లు నాలుగే. కొన్నేళ్ళలోనే పైనుంచి దొర్లిన బండ మూడింటిని నలిపేసింది. అంటు కట్టారు, కణజాలం నుంచి పెంచజూశారు, దగ్గరి జాతితో సంకరం చేయబోయారు, ఏదీ ఫలించలేదు. 2011లో నాలుగోదీ ఎండిపోయింది. 2016లో అంతరించిన జాతుల పట్టికలోకెక్కింది.

ఇంతకీ అది కొండగోడను కోరి ఎంచుకున్నదేనా? నాకు నమ్మకం లేదు. ఆ దీవుల్లో గడ్డీ ఆకూ మేసే క్షీరదాలు ఉండేవి కావు. అందుకే అక్కడి మొక్కలు చాలావాటికి ముళ్ళూ లేవు, విషమూ లేదు. 1778లో కెప్టెన్ కుక్ పక్కనున్న నీహావు దీవిలో మేకలను దించాడు. తరవాత అవి మిగతా దీవులకూ చేరి, అడవులను మేసేశాయి. ఒకప్పుడు ఈ చెట్టు దిగువన కూడా పెరిగిందేమో, మేక కాలు మోపలేనిచోట ఉన్నవే మన కంటబడ్డాయేమో. శాసనాల సంగతీ ఇలాంటిదే కదా: రాగిరేకులు కరిగి బిందెలైతే, బండమీది రాతలు మిగిలాయి. అంతమాత్రాన పూర్వులు బండల మీదే రాసేవారని అనలేం.

2019 తొలి నెలల్లో బెన్ నైబర్గ్ అదే లోయలో డ్రోన్ ఎగరేశాడు. మనిషి దిగలేని ఒక అంచున ఆ ఆకులే కనిపించాయి. నిర్ధారించుకోడానికి వుడ్‌తో కలిసి కాలినడకన వెళ్ళగలిగినంత మేర వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ డ్రోన్ పంపారు. మూడు చెట్లు! మేకలకందని చోటు మనుషులకూ అందలేదు. ఎనిమిదేళ్ళు మనం 'లేదు' అనుకున్నది అక్కడే ఉంది.