కొండ ఎక్కి దిగే ఓడలు

అక్టోబరు నెల. ఉదయం ఆరు దాటింది. పనామా సిటీ అంచున, సముద్రంలోకి సాగిన అమదోర్ కట్ట మీద నిలబడి ఉన్నాం. చిన్న చిన్న దీవులను ఊరితో కలుపుతూ పోసిన కట్ట ఇది. అటూ ఇటూ పసిఫిక్ మహాసముద్రం. దూరాన లంగరేసిన సరుకు ఓడలు పనామా కాలువ దాటేందుకు తమ వంతు కోసం కాచుకుని ఉన్నాయి. వాటి వెనక నీళ్ల మీదే పొద్దు పొడుస్తోంది.

పసిఫిక్ అంటే అమెరికాకు పడమటి సముద్రం కదా, మరి సూర్యుడు అందులోంచి లేవడమేమిటి? ఇక్కడికి వచ్చిన ప్రతివారికీ కలిగే మొదటి సందేహం ఇదే. పటం తీసి చూస్తే తీరిపోతుంది. ఉత్తర, దక్షిణ అమెరికాలను కలిపే ఈ సన్నని నేల నిలువుగా లేదు. వంపులు తిరుగుతూ తూర్పు పడమరలుగా అడ్డంగా పడి ఉంది. పనామా సిటీ ముందున్న అఖాతం ఊరికి దక్షిణానా తూర్పునా పరుచుకుని ఉంది. అందుకే ఈ పొద్దున పసిఫిక్‌లో బయల్దేరి అట్లాంటిక్‌కు వెళ్లే మనం తూర్పుకు పోము, వాయవ్యానికి పోతాం. సాయంత్రం అట్లాంటిక్ చేరేసరికి సుమారు 40 కిలోమీటర్లు పడమరకు జరిగి ఉంటాం.

మనం ఎక్కిన చిన్న పడవ కదిలింది. కాలువ సంస్థ పైలట్ ఎక్కాడు. ఇక్కడ ఎంత పెద్ద ఓడైనా నడిపించే అధికారం కెప్టెన్‌ది కాదు, ఈ పైలట్‌దే. అమెరికాల వంతెన తల మీదుగా వెనక్కి జరిగింది. ఒడ్డున రాళ్లు చూడండి: తడిసి నల్లబడిన మేర ఇంటి ఎత్తు ఉంది. పోటుకూ ఆటుకూ మధ్య ఈ వైపు నీరు ఆరు మీటర్ల దాకా లేస్తుంది, దిగుతుంది. అవతలి కరీబియన్ ఒడ్డున ఆ తేడా అర మీటరుకు మించదు.

దీన్ని చూసి చాలామంది ఒక సముద్రం ఎత్తుగా, రెండోది పల్లంగా ఉంటుందనీ, ఆ తేడా కోసమే లాకులు కట్టారనీ అనుకుంటారు. నిజానికి రెండు సముద్రాల సగటు మట్టాల మధ్య తేడా జానెడే. లాకులు కట్టింది మధ్యలో ఉన్న కొండ కోసం. ఈ దారిలో ఓడ సముద్రం నుంచి 26 మీటర్లు పైకెక్కి, అక్కడున్న మంచినీటి చెరువు మీద సాగి, మళ్లీ అంత కిందికీ దిగాలి. మొత్తం దారి 80 కిలోమీటర్లు.

మీరాఫ్లోరెస్ లాకులు వచ్చాయి. మన ముందు ఒక సరుకు ఓడ లోపలికి జరుగుతోంది. అటూ ఇటూ పట్టాల మీద వెండి రంగు విద్యుత్ ఇంజన్లు ఇనుప తాళ్లతో దాన్ని నట్టనడుమ పట్టి ఉంచుతున్నాయి. ఇక్కడివాళ్లు వాటిని కంచరగాడిదలు అంటారు. ఈ పాత లాకుల గది వెడల్పు 33.5 మీటర్లు. వాటిలో పట్టే అతి పెద్ద ఓడల వెడల్పు 32 మీటర్ల పైచిలుకు. అంటే గోడకూ ఓడకూ మధ్య ఒక్కో పక్క మిగిలేది రెండడుగులు.

వెనక ఉక్కు తలుపులు మూసుకుంటున్నాయి. ఒక్కో రెక్క రెండు మీటర్లకు పైగా మందం. రెండు రెక్కలూ తిన్నగా కాక, ఎగువకు మొన తేలేలా కలుసుకుంటాయి. ఎగువ నీరు ఎంత తోస్తే అంత బిగుసుకుంటాయి. ఇప్పుడు నీటిని చూడండి. ఎక్కడా మోటారు చప్పుడు లేదు. నేల కింద నుంచి సుడులు తిరుగుతూ నీరు ఉబుకుతోంది. పక్క గోడ కొంచెం కొంచెంగా మునుగుతోంది. పది నిమిషాలైనా కాకముందే కొండంత ఓడ, దాని వెనక మన చిన్న పడవ మేడ మీదికి చేరినట్టు పైకి వచ్చేశాం.

ఈ నీటిని ఎవరు తోడుతున్నారు? ఎవరూ తోడటం లేదు. తూములు తెరిస్తే ఎగువ నీరు తనంత తానే పల్లానికి పారుతుంది. దిగువ గది నిండుతుంది, ఓడ తేలుతుంది. గోదావరి కాలువల మీద లాకులు చూసినవారికి ఈ పని కొత్త కాదు, కొలత ఒక్కటే కొత్త. ఇక్కడ రెండు మెట్లు, ఆ తర్వాత పెడ్రో మిగేల్ దగ్గర మరో మెట్టు. మూడూ ఎక్కితే సముద్రం 26 మీటర్లు కిందికి పోయినట్టే.

ఇప్పుడు రెండు పక్కలా కొండ దగ్గరికి జరిగింది. ఇది కులేబ్రా కోత. రెండు మహాసముద్రాలకు వాన నీటిని పంచే వెన్నెముకను దాదాపు 13 కిలోమీటర్ల పొడవున ఇక్కడ చీల్చారు. మెట్లు మెట్లుగా చెక్కిన వాలు మీద గడ్డి పెరిగింది. తవ్విన కొద్దీ పైనుంచి ఎర్రమట్టి జారి పడుతూనే ఉండేది. పొద్దున మనం నిలబడిన కట్టకు పోసిన రాళ్లు కూడా ఈ కోతలోంచి తీసినవే.

ఈ పని మొదట తలకెత్తుకున్నది ఫ్రెంచివారు. సూయజ్ కాలువ తవ్వించిన ఫెర్డినాండ్ ద లెసెప్స్ దాన్ని నడిపించాడు. 1881లో పని మొదలైంది. సూయజ్‌లో లాగే ఇక్కడా సముద్ర మట్టానికే తవ్వేస్తానన్నాడు. సూయజ్ ఎడారి నేల. ఇది ఏడాదిలో ఎనిమిది నెలలు వాన కురిసే అడవి. చాగ్రెస్ నది వరదొస్తే చేసిన పని కొట్టుకుపోయేది. అంతకన్నా ఘోరం జ్వరాలు. మలేరియా, పచ్చ జ్వరం మనుషులను తీసుకుపోయాయి. ఆ కాలంలో చనిపోయినవారు 20 వేలకు పైగా ఉంటారని చరిత్రకారుల అంచనా. 1889లో కంపెనీ దివాళా తీసింది.

దోమ వల్ల ఈ చావులని అప్పటికి వైద్యలోకానికి రూఢిగా తెలియదు. పచ్చ జ్వరానికి దోమే కారణమని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పినా చాలాకాలం ఎవరూ నమ్మలేదు. మలేరియా సంగతి తేలింది మన దగ్గరే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1904లో అమెరికా పని చేపట్టినప్పుడు వైద్యుడు విలియం గోర్గస్ ఈ తెలివిడినే ఆయుధం చేసుకున్నాడు. నిలవ నీళ్లు తీయించాడు, గుంటల మీద నూనె పోయించాడు, కిటికీలకు జాలీలు కొట్టించాడు. 1905 చివరికల్లా పనామా సిటీలో పచ్చ జ్వరం ఆగింది. రాస్ పనిచేసిన బేగంపేటలోని ఒక చిన్న గదికీ ఈ కోతకూ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని మన పిల్లలకు పాఠంలో చెప్పాలి.

అయినా చావులు ఆగలేదు. అమెరికా కాలంలో రోగాలకూ ప్రమాదాలకూ 5,609 మంది బలయ్యారని లెక్క. వారిలో ఎక్కువమంది బార్బడోస్ వంటి కరీబియన్ దీవుల నుంచి కూలికి వచ్చిన నల్లజాతివారు. అమెరికన్ తెల్లవారికి జీతం బంగారు నాణేల్లో, వీరికి వెండి నాణేల్లో. ఇళ్లు, భోజనశాలలు, ఆస్పత్రి వార్డులు కూడా ఆ ప్రకారమే వేరు. డైనమైట్ పెట్టిన చేతులు వారివి. గొప్ప ఇంజనీర్ల పేర్లు చదువుతూ వారిని మరవడం తప్పు.

కోత దాటగానే కుడివైపు నుంచి ఒక నది వచ్చి కాలువలో కలుస్తోంది. చాగ్రెస్ ఇదే. ఫ్రెంచివారు దీనితో పోరాడి ఓడారు. ఆ తర్వాత వచ్చిన ఇంజనీర్లు దీనికి అడ్డంగా గాటున్ దగ్గర ఆనకట్ట కట్టి నదినే చెరువు చేశారు. దాని మీదే ఓడలను నడిపారు. 1914 ఆగస్టు 15న కాలువ తెరుచుకుంది. 1999 డిసెంబరు 31న అమెరికా చేతి నుంచి పనామా చేతికి వచ్చింది.

గాటున్ సరస్సు విశాలంగా పరుచుకుంది. ఈ దీవులన్నీ ఒకప్పటి కొండ శిఖరాలు. లోయలూ ఊళ్లూ అడుగున ఉండిపోయాయి. మధ్యాహ్నం దాటింది, మబ్బు కమ్మింది. వాన మొదలైంది. అవతలి ఒడ్డు కనబడటం లేదు. గొడుగు వేసుకున్నవారూ తడుస్తున్నారు. తడవనివ్వండి. ఓడలను మోసేది ఈ వానే. ఒక ఓడ అటు నుంచి ఇటు దాటితే సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీరు సముద్రం పాలవుతుంది. పనామా సిటీ, కోలోన్ నగరాలు తాగేదీ ఈ నీరే. 2023లో వానలు ముఖం చాటేశాయి. మామూలుగా రోజుకు 36 దాకా వెళ్లే ఓడలను 2023 డిసెంబరు నాటికి 22కు కుదించారు. 2016లో తెరిచిన పెద్ద లాకుల్లో వాడిన నీటిలో 60 శాతం తిరిగి వాడుకునే తొట్లు ఉన్నా గండం తప్పలేదు. ఇప్పుడు ఇండియో నది మీద మరో ఆనకట్ట కట్టాలంటున్నారు. మా పల్లెలు మునుగుతాయని ఆ నది ఒడ్డువాళ్లు అడ్డుపడుతున్నారు. నూరేళ్ల కింద అడుగున పోయిన ఊళ్ల మీదుగా వెళ్తున్న మనకు ఆ భయం అర్థం కావాలి.

సాయంత్రం గాటున్ లాకులు. ఇక్కడ మూడు మెట్లూ ఒకదాని వెంట ఒకటి. ఈసారి మనం ముందు, పెద్ద ఓడ వెనక. నీరు జారిపోతుంటే గోడలు పైకి లేస్తున్నట్టుంది. ఆఖరి తలుపు తెరుచుకోగానే ఉప్పుగాలి తగిలింది. ఇది అట్లాంటిక్ వైపు నీరు.

పనామాకు ఎప్పుడు వెళ్లాలి అని అడిగితే జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలమే మంచిదని ప్రయాణ పుస్తకాలన్నీ చెబుతాయి. బీచ్‌ల కోసమైతే అలాగే వెళ్లండి. కాలువ చూడాలనుకుంటే మాత్రం మే నుంచి డిసెంబరు లోపు, వానలున్నప్పుడు వెళ్లండి. తలుపులూ తాళ్లూ ఎప్పుడైనా కనిపిస్తాయి. కాలువను నడిపించేది మాత్రం వానాకాలంలోనే కళ్లపడుతుంది.