ఉప్పునీటి నడుమ మంచినీటి పరీక్ష

చుట్టూ అంతులేని జలరాశి ఉన్నా, సముద్రంలో ఒంటరిగా చిక్కిన మనిషి దప్పికతో మరణించవచ్చు. ఓడ మునిగినవాడు సముద్రజలం త్రాగి బ్రతుకగలడా? ఈ ప్రశ్నపై ఇద్దరు వైద్యులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చినారు.

ఫ్రెంచి వైద్యుడు ఆలెన్ బొంబార్ 1952లో కేనరీ దీవుల నుండి బయలుదేరి, గాలి నింపిన రబ్బరు పడవలో 65 రోజులకు బార్బడోస్ ద్వీపం చేరినాడు. సముద్రజలాన్ని కొద్దికొద్దిగా త్రాగుచు, చేపల రసంతో ప్రాణం నిలుపుకొనవచ్చునని ఆయన ప్రకటించినాడు. అయితే ఆయనకు దారిలో వాననీరు కూడా లభించింది.

జర్మనీ వైద్యుడు హాన్నెస్ లిండెమాన్ దీనికి సమ్మతించలేదు. మానవునికి మంచినీరు తప్పనిసరి అని ఆయన వాదన. 1955లో ఒకే మ్రాను తొలిచిన పడవపై అట్లాంటిక్‌ను దాటిన ఆయన, 1956 అక్టోబరు 20న కేనరీ దీవులలోని లాస్ పాల్మాస్ నుండి మరల బయలుదేరినాడు. ఈసారి ఆయన పడవ కర్రచట్రంపై రబ్బరు పూసిన గుడ్డ బిగించిన మడత కయాక్. దాని పొడవు 5.2 మీటర్లు మాత్రమే. తెడ్డుకు తోడు చిన్న తెరచాపలుండెను. తూర్పు నుండి వీచే వాణిజ్య పవనాలు పడవను పడమరకు నడిపినవి. డబ్బాపాలు, బీరు, పచ్చి చేపలు, వాననీరు ఆయనకు ఆధారం.

లిండెమాన్ వాదనకు శరీరధర్మశాస్త్రంలో బలమున్నది. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలుంటవి. మన మూత్రపిండాలు లీటరు మూత్రంలో సుమారు 20 గ్రాముల ఉప్పును మాత్రమే విసర్జింపగలవు. కనుక లీటరు సముద్రజలం త్రాగినవాడు ఆ ఉప్పును వెడలగొట్టుటకు సుమారు లీటరు ముప్పాతిక నీరు వ్యయపరచవలెను. తక్కువైన ముప్పాతిక లీటరు శరీరం నుండియే పోవును. త్రాగినకొద్దీ దప్పిక హెచ్చుటకు కారణమిదే.

నీటితోపాటు మనస్సు కూడా ముఖ్యమని లిండెమాన్ గ్రహించినాడు. తప్పక జయింతునని, పడమటి దిశ విడువరాదని ప్రయాణానికి పూర్వం నెలల తరబడి తనలో తాను చెప్పుకొని అభ్యసించినాడు. ఒక రాత్రి తుఫానులో పడవ బోల్తాపడగా, దాని అడుగును పట్టుకొని గంటల తరబడి వ్రేలాడినాడు. అప్పుడు ఆదుకొన్నది ఆ అభ్యాసమే. డిసెంబరు 30న, 72 రోజులకు, కరీబియన్ సముద్రంలోని సెయింట్ మార్టిన్ ద్వీపం చేరినాడు.

ఒకరిద్దరు ప్రాణాలతో తీరం చేరినంతమాత్రాన సిద్ధాంతం రుజువు కాదు. వారు ఏమి త్రాగినారో, ఎంత త్రాగినారో లెక్కింపవలెను. సముద్రజలం త్రాగరాదని నేడు నావికులకు ఇచ్చే హెచ్చరిక ఆ లెక్క ఫలితమే.