ఇంట్లోనే పసిపిల్లల ఆటవస్తువులు.. జాగ్రత్తలివీ

పసిపిల్లలు చూసి, విని, తాకి లోకాన్ని తెలుసుకుంటారు. అందుకు ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. చిన్న ప్లాస్టిక్ సీసాలో గుప్పెడు శనగలు పోసి, మూత బిగించి గట్టిగా టేపు చుడితే గిలక్కాయ సిద్ధం. నూలు, పట్టు, గోనె గుడ్డలు తాకించండి. కూర్చోవడం వచ్చాక పళ్లెంలో కాసిని నీళ్లు పోసి గరిటె ఇవ్వండి.

ఏదిచ్చినా నోట్లో పెట్టుకుంటారు. పల్లీలు, పూసలు, బటన్ బ్యాటరీలు అందకుండా ఉంచండి. రెండు అంగుళాల నీళ్లూ ప్రమాదమే. పక్కనే ఉండండి, ఆటయ్యాక పారబోయండి. గొంతులో ఏదైనా అడ్డుపడి ఊపిరాడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి. కనిపించని వస్తువు కోసం వేలితో కెలకొద్దు, మరింత లోపలికి పోతుంది.

మూడేళ్లలోపు పిల్లల కోసం కేంద్రం 2024లో ‘నవచేతన’ మార్గదర్శకాలు తెచ్చింది. మీ బిడ్డ వయసుకు తగిన ఆటలేవో అంగన్‌వాడీ టీచర్‌ను అడగండి.