నీలమంతా నీలం కాదు

గల్ఫ్‌కు పోయిన కొడుకు క్షేమం కోరి, ఏలినాటి శని శాంతికని నీలపుటుంగరం కొన్న తల్లి ఒకామె మా కథలాపూర్‌లో దాన్ని నా ముందుంచి, "సారూ, ఇది అసలుదేనా?" అని అడిగింది. ఇంద్రనీలాన్ని కృష్ణుని మేనికి ఉపమానంగా ఏళ్ల తరబడి బోధించినవాణ్ణి. రాయిని మాత్రం ఎరుగను. ఉత్తమమైన నీలం పాలను సైతం నీలివన్నెకు తెస్తుందని మన రత్నశాస్త్రం చెబుతుంది. పాలలో వేసి చూశాను. పాలు తెల్లగానే ఉన్నాయి. ఆ సిగ్గుతో వెదకగా తెలిసినవి ఇవి.

ఇంద్రనీలమూ కెంపూ ఒక తల్లి బిడ్డలే. రెండూ కురువిందమే, అంటే అల్యూమినియం ఆక్సైడే. క్రోమియం చేరితే ఎరుపు. ఇనుము, టైటానియం చేరితే నీలం. కాఠిన్యంలో వజ్రం తరువాతి స్థానం దానిదే. 1881 ప్రాంతంలో కాశ్మీరంలో బయటపడిన నీలాలకు మఖమల్ వంటి మెత్తని ఛాయ ప్రసిద్ధి. రాజావర్తం అసలు ఒకే ఖనిజం కాదు, పలు ఖనిజాలు కలిసిన శిల. దాని నీలిమ గంధకం వల్ల, అందులోని పసిడి చుక్కలు ఇనుప గంధకిదం వల్ల. పేరోజాకు ఆ రంగునిచ్చేది రాగి. అన్నీ నీలాలే, కారణాలు మాత్రం వేరు.

వీటన్నిటికంటె అరుదైనది నీలి వజ్రం. కర్బన పరమాణువుల నడుమ లేశమాత్రంగా బోరాన్ చేరడమే దాని రహస్యం. అటువంటివి కనీసం 660 కిలోమీటర్ల లోతున పుట్టి ఉండవచ్చునని 2018లో ఒక పరిశోధన తేల్చింది. వాటిలో జగద్విఖ్యాతమైనది మన తెలుగు నేలది. కృష్ణాతీరాన కొల్లూరు గనిలో దొరికిందని పరిశోధకులు ఎక్కువమంది భావిస్తారు. టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు దాన్ని కొనిపోయి 1668లో పద్నాలుగవ లూయీకి అమ్మాడు. 1673లో అది సానపట్టబడి 67 కారట్ల పైచిలుకుగా మిగిలింది. 1792లో విప్లవపు అలజడిలో దొంగలపాలైంది. మళ్లీ కోతబడి, హోప్ అనే ధనికుని పేరు తగిలించుకొని, 1958 నుండి అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇప్పుడది 45.52 కారట్లు. అతినీలలోహిత కాంతి సోకించి దీపం ఆర్పితే కొన్ని క్షణాలపాటు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది.

లోకం ఈ వజ్రాలను గోల్కొండ వజ్రాలంటుంది. గోల్కొండలో గని లేదు. అది రాజధాని, బేరం జరిగే చోటు. కొల్లూరులో అరవై వేలమంది పనిచేసేవారని, మగవారు తవ్వితే ఆడవారు, పిల్లలు మన్ను మోసేవారని టావెర్నియే రాశాడు. ఆ రాయికి కొన్నవాడి పేరుంది, ఏలినవాడి పేరుంది. తవ్వినవాడి పేరు ఎక్కడా లేదు. నేడు పల్నాడు జిల్లాలో ఉన్న ఆ కొల్లూరు కూడా పులిచింతల జలాశయపు ముంపులో కలిసిపోయింది.

ఆ తల్లికి ఉన్నమాటే చెప్పాను. గాజో నీలమో పాలు చెప్పలేవు, నా కన్నూ చెప్పలేదు. యంత్రాలున్న పరీక్షాశాలకు పంపవలసిందే. యంత్రం కూడా రాతి జాతినే చెబుతుంది, శనిమాట చెప్పదు. ఆమె ఉంగరాన్ని వేలికి తొడుక్కుంటూ, "పొద్దున ఫోన్ చేసిండు సారూ, బాగనే ఉన్నడట" అంది. పరాయి నేలన మన్ను మోసే ఆ కొడుకు పేరైనా నేను అడిగి తెలుసుకున్నాను.